నాలుగో చాంబరు

క్రిస్మస్ అయిన మర్నాడు
గుమ్మానికి వేలాడే కాగితం నక్షత్రంలో బల్బు ఆర్పి
నల్లచెరువు సందులోంచి బయల్దేరాం.
బామ్మర్ది కారు.
డిక్కీలో రగ్గులు, మిగిలిన కేకు, కజ్జికాయల డబ్బా,
అడుగునెక్కడో
మొన్న యార్డుకి తీసుకెళ్ళిన మిరపకాయల శాంపిలు సంచి.
తీసేశామనే అనుకున్నాం.
వారధి దాటకముందే అందరికీ తుమ్ములు.
"గుంటూరు కూడా ఎక్కింది బావా"
అన్నాడు ప్రభుదాసు, అద్దం దింపుతూ.

చలి చూడ్డానికంట.
అప్పు చేసి డీజిలు పోయించి
రాత్రంతా మేలుకుని
చలి చూడ్డానికి!
నవ్వలేదు గాని నవ్వొచ్చింది.
ఏటుకూరు రోడ్డులో కోల్డు స్టోరేజీ,
పదకొండేళ్ళుగా నా కూడు అక్కడే.
మే నెలలో, తారు కరిగి చెప్పులకంటుకునే మధ్యాహ్నం
కోతిటోపీ పెట్టుకుని లోపలికి పోతాను.
టిక్కీ మీద టిక్కీ, కప్పు దాకా తేజ కాయలు,
మధ్యన మనిషి పక్కకి తిరిగితే పట్టే దారి,
అమ్మోనియా గొట్టాల మీద తెల్లటి గడ్డ.
ఆరు డిగ్రీలు. ఎనిమిదైతే ఓనరుకి ఫోను.
సాయంత్రం ఇంటికొస్తే
ఎస్తేరు నా చెయ్యి పట్టుకుని చప్పున వదిలేసేది.
"నాన్నా, నువ్వు ఫ్రిజ్జులోంచి వచ్చావు."

సువార్తే అంది:
"నీకు రోజూ జీతానికి దొరికేది
మాకొక్కసారన్నా ఊరికే చూపించు."
దానికి నా దగ్గర జవాబు లేదు.

హనుమాన్ జంక్షన్‌లో టీ.
గోదావరి మీద పిల్ల నిద్ర.
తుని దగ్గర లేచి
టార్పాలిన్ కప్పిన ప్రతి లారీనీ కొండేమో అనుకుంది.
నర్సీపట్నం దాటి ఘాటెక్కాక
ఇక కొండ ఊసెత్తలేదు,
మలుపు మలుపుకీ కక్కుకుంది.
చీకట్లో రోడ్డు పక్కన కూచోబెట్టి మూతి కడుగుతుంటే
నా చేతులు చల్లగా ఉన్నాయని అనలేదు.
నుదురు తెచ్చి
అరచేతిలో పెట్టింది.

లంబసింగి. ఇంకా తెల్లారలేదు.
మంట చుట్టూ ఎవరెవరో, ఏ ఊళ్ళ కార్లో.
మంటకి కాస్త ఎడంగా ఒక ముసలామె
గోనెపట్టా మీద స్ట్రాబెర్రీలు పేర్చుకుంటోంది.
అప్పుడు దిగింది పొగమంచు.
ముందు చెట్లు పోయాయి. తర్వాత కారు.
తర్వాత ప్రభుదాసు, వాడి సిగరెట్టు నిప్పొక్కటే మిగిలింది.

ఎస్తేరు నా భుజం మీద నిక్కి చూసింది.
ఒకసారి నాతో వచ్చింది కదా
నాలుగో చాంబరు గడప దాకా;
తలుపు లాగగానే ఎండలోకి
తెల్లగా దొర్లిపడిన ఆవిరి చూసింది కదా.
ఇప్పుడు అటూ ఇటూ చూసి
ఎవరికీ వినపడకూడదన్నట్టు
నా చెవిలో:
"నాన్నా, తలుపెవరు తీసేశారు?
మీ ఓనరు చూస్తేనో?"

ఇక్కడ ఓనరు లేడమ్మా, అందామనుకున్నాను.
నోటిదాకా వచ్చింది.
ముసలామె పండ్లు లెక్కపెడుతోంది.
ఆ వేళ్ళు చూశాను.
ఎర్రగా, మొద్దుగా, వంగడానికి మొరాయిస్తూ.
అవి నా వేళ్ళే.
డబ్బా ఎనభై అంది.
బేరమాడకుండా ఇచ్చేశాను.
సువార్త నా వంక వింతగా చూసింది.

తొమ్మిదింటికల్లా ఎండ.
కొండలు ఒక్కోటీ తిరిగొచ్చాయి,
కార్లన్నీ హారన్లు కొట్టుకుంటూ దిగిపోసాగాయి.
స్ట్రాబెర్రీ పులుపుకి ఒక కన్ను మూసి
"హమ్మయ్య, మూసేశారు" అంది పిల్ల.

మళ్ళీ డ్యూటీ ఎక్కిన రోజు
నాలుగో చాంబరు ఖాళీ.
కొత్త పంట వచ్చేలోగా ఊడ్చి సున్నం కొట్టాలి.
మిషను నిన్ననే ఆపారు, చలి ఇంకా ఉంది.
తలుపు బార్లా తీసి ఇటుక అడ్డంపెట్టాను.
కాళ్ళ మీదుగా అది బయటికి నడిచిపోతోంది,
చీపురు పట్టుకుని నిలబడ్డాను,
ఎటు పోతుందో చూద్దామని.